గవరమ్మ తలనొప్పికి ముగ్గురు కాపలా

డోలపేటలో డోళ్ళు వాయించే అప్పన్నకీ, అతని తమ్ముళ్ళు సన్నాసికీ పైడయ్యకీ తమ తెలివంటే ఎంత గర్వమో! "మా ముగ్గురి బుర్రలూ కలిపితే దేశాన్నే ఏలెయ్యొచ్చు" అనేవాళ్ళు. దేశం సంగతి దేవుడెరుగు, వాళ్ళకి అన్నం వండి పెట్టి, పంచె ఎక్కడుందో వెతికిచ్చేది మాత్రం అప్పన్న పెళ్ళాం గవరమ్మే.

పాపం గవరమ్మకి పార్శ్వపు నొప్పి. తలకి ఒక పక్క పట్టుకుందంటే రెండు రోజులు మంచమే. "సగం తలే కదా వదినా, మిగతా సగంతో వంట కానిచ్చెయ్" అని సన్నాసి సలహా. ఆ నొప్పితోనే కూతురు మంగ పెళ్ళిలో తలంబ్రాల వేళకి తలుపేసుకుని పడుకుంది. ఇప్పుడు శుక్రవారం మధ్యాహ్నం మంగకి సీమంతం. "ఇది కూడా పోతే నా బిడ్డకి మొహం ఎలా చూపించను?" అని ఒకటే ఏడుపు.

డాక్టరమ్మ అయిదు మాత్రలిచ్చి అన్నదమ్ముల్ని కూర్చోబెట్టి చెప్పింది. "ఇది ఊరికే వచ్చి పడదు, ముందు గుర్తులు కనిపిస్తాయి. ఆవలింతలొస్తాయి, మెడ పట్టేస్తుంది, కళ్ళముందు మెరుపులొస్తాయి. కనిపించగానే మాత్ర వేసి చీకటి గదిలో పడుకోబెట్టండి. చప్పుడు కాకూడదు."

ఇంకేముంది, ముగ్గురూ కాపలా పంచుకున్నారు. అప్పన్నకి ఆవలింతలు, సన్నాసికి మెడ, పైడయ్యకి మెరుపులు.

శుక్రవారం పొద్దున్నే గవరమ్మ నోరంతా తెరిచి ఆవలించింది. "వచ్చేసింది!" అని అరిచి అప్పన్న కూడా ఆవలించాడు. అతన్ని చూసి సన్నాసి, సన్నాసిని చూసి పైడయ్య. అంతే, ముగ్గురికీ జబ్బు పట్టుకుందని తలో మాత్రా మింగేశారు. అరుగు మీద పిల్లి ఆవలించింది.

"అదీ మనింటి మనిషే కదరా!" అని నాలుగోది దానికి వెయ్యబోతే, అది గీరేసి గోడ దూకింది, మాత్ర కుడితి గోలెంలో పడింది.

అయిదోది ఏదని వెతుకుతుంటే, "కళ్ళముందు మెరుపులయ్యా!" అంది గవరమ్మ. పైడయ్య పరుగెత్తుకెళ్ళి, వాన ముంచుకొస్తోందని మేడమీద ఆరబెట్టిన వడియాలన్నీ లోపలికి తెచ్చేశాడు.

అన్నట్టు, అయిదో మాత్ర గవరమ్మ ముందే కొంగున ముడేసుకుంది. ముప్ఫై ఏళ్ళ కాపురం, ఆ మాత్రం తెలీదూ! అది మింగి గదిలో పడుకుంది. చీకటి సరిపోయిందో లేదో చూద్దామని సన్నాసి టార్చి తెచ్చి సరిగ్గా ఆవిడ కళ్ళల్లోకి కొట్టాడు.

"చప్పుడు చెయ్యొద్దని ఊరికి చెప్పాలి కదా!" అన్నాడు అప్పన్న. డోలు వాయించేవాళ్ళు ఊరికి ఎలా చెప్తారు? గుమ్మంలోనే మొదలెట్టారు. డండండం! "చప్పుడు చెయ్యకండహో!" డండండం!

"ఓరి మీ తెలివి తగలెయ్య! ఆ డోళ్ళు ఊరవతలికి పట్టుకుపోండి!" అని గవరమ్మ కేక.

అంతే, వెళ్ళిపోయారు. ఊరవతల జీడితోటలో చెట్టు చెట్టుకీ చాటింపు వేస్తూ సాయంత్రం దాకా తిరిగారు. ఇంట్లో ఎంత హాయి! గవరమ్మ రెండు గంటలు కమ్మగా నిద్రపోయి, తేలికపడ్డ తలతో లేచి, గది తలుపు దగ్గరికి లాగి బస్సెక్కేసింది. కూతురి చేతులకి గాజులు తొడిగి, తనివితీరా ఏడ్చి, నవ్వి, చీకటి పడే వేళకి ఇల్లు చేరింది.

చూస్తే ఇంట్లో దీపం లేదు, మనిషి మొహం మనిషికి ఆనదు. అన్నదమ్ములు ముగ్గురూ గుమ్మానికి అడ్డంగా కూర్చున్నారు.

"తప్పుకోండి, నేనొచ్చాను" అంది.

"ష్! మెల్లిగా!" అన్నాడు అప్పన్న. "లోపల మా ఆవిడ పడుకుంది. జీడితోట నుంచి వచ్చి మేం కూర్చున్న దగ్గర్నుంచి ఒక్క ఆవలింత లేదు, ఒక్క మూలుగు లేదు. అంతా మా కాపలా మహిమ!"

గవరమ్మ చేతిసంచి కింద పెట్టింది. ప్రయాణపు బడలికకి నోరు తెరిచి పెద్దగా ఆవలించింది.

"అయ్యయ్యో, మీక్కూడా అదే జబ్బమ్మా!" అని జాలిపడ్డాడు అప్పన్న. "ఇక్కడ నిలబడకండి. తొందరగా వెళ్ళి మీ ఇంట్లో మగవాళ్ళకి చెప్పుకోండి!"