తెలివివారింట్లో టోపీ తీసిన వైరు

మా ఊళ్ళో ఒక కుటుంబం ఉంది. వాళ్ళ ఇంటిపేరు తెలివి. ఇంటిపేరే తెలివైనప్పుడు వేరే సంపాదించుకోవడం దేనికని ఆ ఇంట్లో ఎవరూ ఆ ప్రయత్నం చెయ్యలేదు. పెద్దకొడుకు సింహాద్రప్పడు, చిన్నకొడుకు పైడయ్య, పెద్దవాడి పెళ్ళాం వరాలు, అందరికీ పెద్దదిక్కు తల్లి గున్నమ్మ. "చెప్పింది చెప్పినట్టు చేసేవాడే తెలివైనవాడు" అని గున్నమ్మ పిల్లలకు చిన్నప్పుడే నూరిపోసింది. పిల్లలు ఆ మాటని కూడా చెప్పింది చెప్పినట్టే పట్టుకున్నారు. అక్కడే వచ్చింది చిక్కు.

గున్నమ్మకు చెవుడు. పెరట్లో పిడుగు పడితే "ఎవరో తలుపు కొడుతున్నారు, చూడండ్రా" అంటుంది. ఆవిడకో చెల్లెలుంది, బంగారమ్మ. ఆ సాయంత్రం ఆరు గంటలకి బంగారమ్మ టీవీలో మంగళహారతి పాడబోతోంది. ఆ కబురు తెలిసినప్పట్నుంచీ గున్నమ్మకు అన్నం సయించడం లేదు.

"దానికి పాట నేర్పింది నేనేరా! దాని గొంతు విని పదేళ్ళయింది. ఈ ఒక్క పాటా నా చెవిన పడితే చాలు, ఇంకేం అడగను" అంది కళ్ళొత్తుకుంటూ.

కొడుకుల గుండె కరిగిపోయింది. టీవీకేమో పీలగొంతు. వాళ్ళ నాన్న కాలంనాటి స్టీరియోకేమో ఊరంతా వినపడే గొంతు. టీవీలో పాట స్టీరియోలోంచి వస్తే అమ్మకి వినపడదూ? అంతే, సెంటర్లో ఉన్న మెకానిక్ గవర్రాజు దగ్గరికి పరుగెత్తారు. అతను ఒక సంచిలో సన్నటి వైరూ, ఒక చిన్న డబ్బా పెట్టి ఇచ్చి, "అనుమానం వస్తే ఫోన్ చెయ్యండి" అన్నాడు. పాపం, ఎందుకన్నాడో ఏమో!

ఇంటికి రాగానే పైడయ్య ఫోన్ చేశాడు.

"ముందు టీవీ వెనకాల చూడండి" అన్నాడు గవర్రాజు.

సింహాద్రప్పడు తల దూర్చి చూశాడు. "చూశాను. గోడ ఉంది."

"గోడ కాదయ్యా బాబూ! అవుట్ ఎక్కడుందో చూసుకోండి. టీవీకి అవుట్, స్టీరియోకి ఇన్. అది తప్పితే పని జరగదు."

"అవుట్ అంటే బయటే కదరా తమ్ముడూ?"

"బయటే అన్నయ్యా."

ఇంకేముంది! అన్నదమ్ములిద్దరూ టీవీని మోసుకెళ్ళి వీధి అరుగు మీద కూర్చోబెట్టారు.

"టీవీ అవుట్‌లో ఉంది గవర్రాజూ. స్టీరియో ఇన్‌లోనే ఉంది."

"భేష్! సగం పని అయిపోయింది. ఇప్పుడు టోపీ తీసి వైరు పెట్టండి. టోపీ తియ్యకపోతే లోపలికి పోదు."

వైరు కొసన చిన్న రబ్బరు టోపీ ఉంది. అది ఎవరి కంటా పడలేదు. సింహాద్రప్పడు తల తడుముకున్నాడు. టోపీ లేదు. లేని టోపీ తియ్యడం ఎలా? వరాలు పక్కింటికి పరుగెత్తి ఒక మంకీ టోపీ అడిగి తెచ్చింది. సింహాద్రప్పడు దాన్ని పెట్టుకుని, భక్తిగా తీసి, వైరు గుచ్చాడు. పోలేదు. ఒక్కడు తీస్తే చాలదేమోనని పైడయ్య పెట్టుకుని తీశాడు. వరాలు తీసింది. ఆఖరికి గున్నమ్మకి కూడా తొడిగి తీశారు. వైరుకి దయ రాలేదు.

"టిక్కుమనేదాకా నొక్కాలి" అన్నాడు గవర్రాజు.

"టిక్కు!" అన్నారు ముగ్గురూ ఒక్కసారిగా. "టిక్కుమన్నాం. తర్వాత?"

"మధ్యలో డబ్బా పెట్టారా? టీవీలోంచి వచ్చేవి ఉత్త అంకెలు. వాటిని పాటగా మార్చేది ఆ డబ్బాయే."

గవర్రాజు ఇచ్చిన డబ్బా సంచిలోనే నిద్రపోతోంది. వరాలు వంటింట్లోంచి పోపులడబ్బా తెచ్చి, టీవీకీ స్టీరియోకీ సరిగ్గా మధ్యన, గుమ్మంలో పెట్టింది. పైడయ్య బోర్లా పడుకుని డబ్బాకి చెవి ఆనించాడు.

"జీలకర్ర వాసన వస్తోంది గానీ అంకెలు రావడం లేదు."

గవర్రాజు సన్నటి గొంతుతో, "నేనే వస్తున్నాను. నేనొచ్చేదాకా ఎవరూ కదలకండి" అన్నాడు.

అంతే! అతను వచ్చేసరికి సింహాద్రప్పడు ఒంటికాలి మీద ఉన్నాడు. పైడయ్య డబ్బాకి చెవి ఆనించే ఉన్నాడు. వరాలు ముక్కు మీద ఈగ ఉంది. ఆవిడ దాన్ని తోలలేదు, గుడ్ల నీళ్ళు కుక్కుకుంటూ చూస్తోంది.

"కదలండి తల్లీ, కదలండి!" అని గవర్రాజు టీవీని లోపలికి తెప్పించాడు. రబ్బరు టోపీ లాగాడు. అసలు డబ్బాని సంచిలోంచి తీశాడు. వైరు టీవీకి గుచ్చి, రెండో కొస ఎత్తి చూపించాడు. కొసన ఎర్రటి వెలుతురు.

"ఇందులో కరెంటు పోదు, వెలుతురు పోతుంది. ఈ వెలుతురే పాట, ఈ వెలుతురే మాట" అన్నాడు. ఆ కొస డబ్బాలో పెట్టి, డబ్బాని స్టీరియోకి కలిపి, టీవీ సొంత గొంతు నొక్కేశాడు. స్టీరియో భళ్ళున మోగింది. చూరు కింద పిచ్చుకలు లేచిపోయాయి.

"వినపడుతోందిరా నాయనా! వినపడుతోంది!" అని గున్నమ్మ చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. ఆ సంతోషం చూసి గవర్రాజుకే కళ్ళు చెమర్చాయి. "ఇంక దేనిమీదా ఎవరూ చెయ్యి వెయ్యకండి" అని దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు.

ఆరయింది. టీవీలో బంగారమ్మ కనపడింది, పట్టుచీర, చేతిలో హారతి పళ్ళెం. పాటకి ముందు, "మా అక్క గున్నమ్మ చూస్తూ ఉంటుంది. అక్కా, బాగున్నావా?" అంది. ఇల్లంతా దద్దరిల్లింది.

గున్నమ్మ భోరుమంది. "బాగున్నానే! నువ్వేంటే అలా చిక్కిపోయావు?"

టీవీలో బంగారమ్మ గొంతు సవరించుకుంటోంది.

"అయ్యో, దానికి నా మాట వినపడలేదర్రా! పలకరిస్తే బదులు చెప్పలేదని ఎంత నొచ్చుకుంటుందో!"

పైడయ్య బుర్ర పాదరసంలా పరుగెత్తింది. "అన్నయ్యా, మాట అక్కణ్ణుంచి ఇక్కడికొస్తోంది. మరి ఇక్కణ్ణుంచి పోవాలంటే? వెలుతురే మాట అన్నాడు కదా. డబ్బాలో కొస లాగి అమ్మ నోటి దగ్గర పెడితే సరి!"

"చెయ్యి వెయ్యొద్దన్నాడు కదరా?"

"చెయ్యే కదా వెయ్యొద్దన్నాడు!" అని వరాలు పొయ్యి దగ్గర పట్టకారు అందుకుంది.

ఇంకేముంది! పట్టకారుతో కొస పట్టి లాగింది. స్టీరియో గప్‌చుప్. టీవీ గొంతు గవర్రాజు ముందే నొక్కేశాడు. గున్నమ్మ నోట మిగిలిన రెండు పళ్ళూ ఎర్రగా మెరుస్తుంటే, వైరులోకి మాట్లాడటం మొదలుపెట్టింది. మోకాళ్ళ నొప్పి, ఆవకాయ బూజు పట్టడం, పదేళ్ళ బెంగ అంతా చెప్పింది. టీవీలో బంగారమ్మ పెదాలు కదులుతున్నాయి, తల ఊగుతోంది.

"చూశారా, ఊ కొడుతోంది!" అంది వరాలు.

"అక్క మాట్లాడుతుంటే నోరెత్తలేదు. ఎంత మర్యాద!" అన్నాడు సింహాద్రప్పడు.

పళ్ళెం గిర్రున తిరిగింది. "నాకే ఇస్తోందర్రా హారతి" అని గున్నమ్మ కళ్ళకద్దుకుంది.

కార్యక్రమం అయిన కాసేపటికే బంగారమ్మ దగ్గర్నుంచి ఫోను. పైడయ్య తీశాడు.

"నాయనా, అక్క నా పాట విందా?"

"పాట సంగతి తర్వాత పిన్నీ! అమ్మ అరగంట మాట్లాడింది, నువ్వు విన్నావా?"

"లేదే! ఒక్క ముక్కా వినపడలేదు."

"అదేంటి? మేము అందరం టోపీలు కూడా తీశామే!"

బంగారమ్మ నెత్తి కొట్టుకుంది. "టోపీ తియ్యాలా? అదీ సంగతి! నా ఎదురుగా ఉన్న కెమెరా ఆయన చివరిదాకా టోపీ తియ్యలేదు నాయనా!"