చింతపండు మింగిన చిలుము

ఒకప్పుడు చింతపండు తియ్యగా ఉండేది. ఒట్టు. పరవాన్నంలో బెల్లం బదులు అదే వేసేవాళ్లు. దానికి కాస్త పొగరు, కానీ మనసు మంచిది.

దాని బెస్ట్ ఫ్రెండ్ మంగాయమ్మ ఇంట్లో ఉండే ఇత్తడి గుండిగ. కంచరి అప్పలాచారి సుత్తితో కొట్టి కొట్టి చేసిన పెద్ద గిన్నె. ఒళ్లంతా చిన్న చిన్న సొట్టలు.

"ఏమే సొట్టమొహమా," అని చింతపండు ఏడిపించేది.

"పోవే, నీలో గింజలు తీసేస్తే ఏం మిగుల్తుంది," అనేది గుండిగ.

రోజూ ఇదే గోల. పొయ్యెక్కితే మాత్రం ఇద్దరూ కలిసే.

ఓ వానాకాలం గుండిగని పెరట్లో మర్చిపోయారు. లోపలంతా పచ్చగా చిలుము పట్టేసింది. అది విషం. మంగాయమ్మ చూసుకోకుండా దాంట్లోనే పరవాన్నం వండింది. తిన్న పిల్లలందరికీ వాంతులు.

పిల్లలు కోలుకున్నారు గానీ ఆవిడ కోపం తగ్గలేదు. గుండిగని తీసుకెళ్లి అప్పలాచారి ముందు పడేసింది.

"కరిగించెయ్ ఆచారీ. గంటలు చేసుకో, గరిటెలు చేసుకో. నా గుమ్మం మాత్రం తొక్కనివ్వను."

"నా చేత్తో చేసిందమ్మా."

"అయితే నువ్వే వండుకు తిను."

ఆచారి కొలిమి రాజేశాడు. గుండిగ తనంతట తనే కొలిమి వైపు దొర్లింది. తప్పు తనదే అనుకుందేమో.

కానీ గిన్నె అడుగున చింతపండు ముద్ద ఒకటి ఇంకా అతుక్కునే ఉంది.

"ఆగండి," అంది. "ఆ చిలుము నేను తినేస్తా."

"పిచ్చా నీకు," అంది గుండిగ. "నీ తీపంతా పోద్దే."

"పోతే పోనీ. నువ్వు గరిటెవైపోతే నేనెవర్ని తిట్టాలి?"

ప్రతి సొట్టలోకీ దూరింది. రుద్దింది, నాకింది, మింగింది. గుండిగ బంగారంలా మెరిసింది. చింతపండు మాత్రం ఎంత పుల్లబడిందంటే, వాసనకే మంగాయమ్మకి ఒక కన్ను మూసుకుపోయింది. చెట్టు మీదున్న దాని చుట్టాలక్కూడా ఆ పులుపు పాకింది.

"సరే, ఇంటికి తీసుకెళ్తాలే," అంది మంగాయమ్మ మెల్లగా.

"రావే, ఈసారి పులుసు కాద్దాం," అని గుండిగ సంబరంగా పిలిచింది. చింతపండు వెళ్లి కూర్చుంది. కాసేపటికి, ఆ పులుపుకి కూర్చున్న చోటే మళ్లీ పచ్చగా చిలుము. గబుక్కున రుద్ది వెళ్లిపోతే మెరుపు, లోపలే ఉండిపోతే విషం.

చింతపండు బయటికి దూకేసింది.

అప్పుడు ఆచారి పెట్టెలోంచి తగరం అంది, "నేను మధ్యలో పడుకుంటా. పల్చగానేలే. మీ మాటలు మీకు వినపడతాయి."

ఆచారి తగరం కరిగించి గుండిగ లోపలంతా తెల్లగా పూత పూశాడు. అదే కళాయి.

అప్పటినుంచే చింతపండు పులుపు. ఇత్తడి నల్లబడితే అదే వచ్చి తోముతుంది, మెరిపించి నీళ్లతో పాటు వెళ్లిపోద్ది. పులుసు కాయాలంటే మాత్రం మధ్యలో కళాయి ఉండాల్సిందే. ఆ కళాయేమో ఎన్నిసార్లు వేయించినా అరిగిపోతూనే ఉంటుంది. అటు నుంచి ఒకటి, ఇటు నుంచి ఒకటి, ఇంకా గోకుతూనే ఉన్నాయి మరి.