ఏటికి పురిటి గది

ఒక ఊరి పక్కన ఒక ఏరు ఉండేది. ఏడాదంతా ఊరి మాట వినేది, వానాకాలంలో మాత్రం వినేది కాదు. వీధులు దాటి వంటిళ్ళలోకి వచ్చి కుండలు తేలించేది. ఒక ఏడు లేగదూడలతో పాటు మనుషులనూ తీసుకుపోయింది. ఊరు చాలా ఏడ్చింది.

రాజు కట్టల మేస్త్రిని పిలిచాడు. ఆ దేశంలో అతని చెయ్యి పడందే ఏ గట్టూ లేచేది కాదు. ఆ సంగతి అతనికీ తెలుసు, కాస్త ఎక్కువే తెలుసు.

"ఏరు మళ్ళీ ఊళ్ళోకి రాకూడదు," అన్నాడు రాజు.

"ఏరు కాదు మహారాజా, ఏటి తడి కూడా రాదు," అన్నాడు మేస్త్రి.

నీటి అంచునే నిట్టనిలువుగా రాతిగోడ కట్టాడు. ఏరు వంపు తిరిగిన చోటల్లా దాన్ని తిన్నగా చేశాడు. ఏరు ఎన్ని వంకలు పోయినా సముద్రంలోనే పడాలంటారు. పడేదే అయితే మధ్యలో ఈ వంకలు దేనికని అతని వాదన.

ఆ ఏడు ఏరు వచ్చింది. గోడను తడిమి చూసి వెళ్ళిపోయింది. ఊరు పాయసం వండుకుంది. కప్పల అరుపులు వినిపించడం లేదని, బావుల్లో చేద మరికాస్త లోతుకు దిగుతోందని, కొంగలు వేరే ఊరు చూసుకున్నాయని ఎవరికీ పట్టలేదు. వల వేసినవాళ్ళకు మాత్రం నాచు తప్ప ఏమీ పడలేదు.

మరుసటి ఏడు నీళ్ళు గోడ అంచుదాకా వచ్చాయి. మేస్త్రి గోడ పెంచాడు. నీళ్ళూ పెరిగాయి. అత్తాకోడళ్ళ పంతంలా ఎవరూ తగ్గలేదు. గోడ మీద చెయ్యి ఆనిస్తే లోపల ఏదో వణుకుతున్నట్టు తెలిసేది. మేస్త్రికి భయం వేసింది, కానీ బయటికి చెప్పలేదు.

ఆ ఎండాకాలమే అతని కూతురు నీళ్ళోసుకుందని కబురు వచ్చింది. తొలికానుపు పుట్టింట్లోనే గదా! మేస్త్రి భార్య అప్పటినుంచే చివరి గది అలకడం మొదలుపెట్టింది.

ఒక మధ్యాహ్నం మేస్త్రి గోడకు చేరగిలి కునుకు తీశాడు. ఆ కునుకులో గోడకు ఒక తలుపు ఉంది. ఎవరో తడుతున్నారు. తీస్తే ఎదురుగా తడిసి ముద్దయిన ఆడపిల్ల, నిండు చూలాలు. కడుపులో వెండి చేపలు మెల్లగా తిరుగుతూ కనిపిస్తున్నాయి.

"తలుపు వేసుకున్నావేం నాన్నా?" అంది.

"ఊరిని ముంచినదానివి నువ్వేనా?"

"పుట్టింటికి పురిటికొచ్చాను. అత్తారింట్లో అంతా ఉప్పునీళ్ళు, నా పిల్లలు బతకరు. ఏదో ఒక మూల గది చూపిస్తే నా మానాన నేనుంటాను. తలుపేస్తే తల బాదుకోక ఏం చెయ్యను?"

మెలకువ వచ్చేసరికి అతని వీపంతా తడిగా ఉంది. తిన్నగా రాజు దగ్గరికి వెళ్ళాడు.

"గోడ తీసేస్తాను మహారాజా. ఊరికీ ఏటికీ నడుమ జమ్ము, రెల్లు పెరిగే పల్లం ఉంది. దాన్ని ఏటికి వదిలేద్దాం. పల్లానికి ఇవతల, ఊరివైపు, వాలుగా మట్టికట్ట వేస్తాను. వట్టివేరు నాటితే ఆ వేళ్ళే మట్టిని పట్టుకుంటాయి. ఏరు పల్లంలో పడుకుని, తన పని చూసుకుని వెళ్తుంది."

"పల్లంలో నీ ఇల్లుంది గదా?"

"ఉంది."

"ఊళ్ళోకి నీళ్ళొస్తే నీ తల ఉండదు," అన్నాడు రాజు. మేస్త్రి ఒప్పుకున్నాడు.

ఇంట్లో కల సంగతి విన్న భార్య ఒప్పుకోలేదు. "పరాయిపిల్ల పురిటికి ఇల్లిచ్చి, కడుపున పుట్టినదాన్ని గట్టు మీద పడుకోబెడతావా?" అంది. మేస్త్రి దిగులుగానే ఇంటి తలుపులు ఊడదీసి, భుజాన మోసుకెళ్ళి, కొత్త కట్ట మీద తాటాకు గుడిసెకు బిగించాడు.

వానలు పడ్డాయి. కూతురు వచ్చింది. భార్య గుడిసె గుమ్మానికి వేపకొమ్మ కట్టింది.

తరువాత ఏరు వచ్చింది. పాతగోడ ఉన్నచోట ఒక్క క్షణం నమ్మలేనట్టు ఆగి, మెల్లగా లోపలికి అడుగుపెట్టింది. హోరు లేదు. జమ్ములోకి, రెల్లులోకి పాకి, మేస్త్రి ఇంటి అరుగు ఎక్కి, కిటికీలు దాటి, చివరికి కప్పు కూడా ముంచింది. తరువాత కట్ట ఎక్కసాగింది. సరిగ్గా అప్పుడే కూతురికి నొప్పులు మొదలయ్యాయి.

"ఎందాకా వచ్చింది?" లోపలినుంచి భార్య అడిగింది.

"నా కాళ్ళ దాకా," అన్నాడు కట్ట అంచున నిలబడ్డ మేస్త్రి.

"ఇప్పుడో?"

అతను కిందికి చూశాడు. గడ్డిపోచలు నీళ్ళలో నిదానంగా ఊగుతున్నాయి.

"కాళ్ళ దాకానే."

లోపల పసిబిడ్డ కేరుమంది. బయట పల్లమంతా కప్పలు ఒక్కసారిగా అందుకున్నాయి. మేస్త్రి నీళ్ళలోనే కూలబడి ఏడ్చాడు.

వరద తీశాక రాజు చూడవచ్చాడు. పల్లం నిండా మెత్తని ఒండ్రు, మడుగుల్లో చేపపిల్లలు, వాటిచుట్టూ తిరిగొచ్చిన కొంగలు.

"ఎంత బంగారంలాంటి నేల!" అన్నాడు రాజు. "ఈ కట్ట ఊరిని ఎలాగూ కాస్తుంది. ఏటి ఒడ్డున మళ్ళీ గోడ పెట్టు, ఇక్కడ మేడలు కట్టిస్తాను."

మేస్త్రి భార్య గుమ్మానికున్న వేపకొమ్మ విప్పి, కట్ట దిగివచ్చి, రాజు ఎదురుగా ఒండ్రులో గుచ్చింది. వేపకొమ్మ పెట్టిన పురిటిగదిలోకి ఆ దేశంలో ఎవరూ అడుగుపెట్టరు. రాజు ఎత్తిన కాలు వెనక్కి తీసుకున్నాడు.

"మీ అమ్మాయికి కానుపు అయిపోయిందిగా?"

"ఇది ఆ అమ్మాయికి," అంటూ ఆమె ఏటివైపు చూపించింది.

"ఎన్నాళ్ళు?"

"ఆకు వాడేదాకా, మహారాజా."

విరిచిన కొమ్మ ఎంతకాలం నిలుస్తుందిలే అనుకున్నాడు రాజు. సరేనని అందరిముందు మాటిచ్చాడు.

రాజు ఇప్పుడు ముసలివాడయ్యాడు. ప్రతి ఏడూ వరద తీశాక వచ్చి చూస్తాడు. ఎండ ఎక్కువగా ఉంటే ఆ కొమ్మ నీడలోనే కూర్చుని, ఆకు ఎప్పుడు వాడుతుందా అని ఎదురుచూస్తాడు.