గేటు బయట గెర్కిన్లు

మా కరుణాకర స్వామివారిదో అలవాటు. ప్రశ్న అడిగితే జవాబు చెప్పరు, చెప్పులు వేసుకుంటారు. అడిగినవాడు వెంట నడవాలి. ఆ రోజు నేనూ నడిచాను గనక చూసింది చూసినట్టు చెబుతాను, వినండి.

అడిగినవాడు మనోహరం. కుప్పం పక్కన పెద్ద గెర్కిన్ల ఫ్యాక్టరీలో కొనుగోలు మేనేజరు, పదకొండేళ్ళ సర్వీసు. గెర్కిన్ అంటే వేలెడంత దోసకాయ లెండి. మన వైపు పండించడమే గాని తినేవాడు లేడు. ఉప్పునీళ్ళలో ఊరవేసి, పీపాలకెత్తి ఓడలెక్కిస్తారు, అంతే. పోయినేడు ఆ ఫ్యాక్టరీని ఓ విదేశీ కంపెనీ కొనేసింది. అప్పట్నుంచీ మనోహరం కాళ్ళు నేలమీద నిలవడం లేదు. వారపు సెలవు నాడు ఆశ్రమానికొచ్చి, "స్వామీ, మా సరుకిప్పుడు ఇరవై దేశాలకు పోతోంది. లోకమంతా ఒకే ఇల్లు కావాలని మీరంటుంటారే, అయిపోయినట్టే కదా?" అన్నాడు.

స్వామివారు చెప్పులు వేసుకున్నారు.

ఫ్యాక్టరీ గేటు దగ్గర మునిలక్ష్మి అనే రైతు ఎనిమిది బస్తాల కాయతో పొద్దుటి నుంచీ కూర్చుని ఉంది. సంగతేమంటే, అవతలి దేశం ఆర్డరు ఖాయం కాలేదని కంపెనీవాళ్ళే మూడు రోజులు కాయ కోయవద్దన్నారు. గెర్కిన్ రాత్రికి రాత్రే లావెక్కే రకం. మూడు రోజులకు పిడికెడంత అయింది. ఇప్పుడేమో కొలత మించిందని తీసుకోలేదు.

మనోహరాన్ని చూడగానే ఆమె లేచింది. "కోయొద్దనిందీ మీరే, ముదిరిందనేదీ మీరే. పెరగొద్దని కాయికి ఎవురు చెప్పల్ల సారూ?"

"నా చేతుల్లో ఏముందమ్మా? కొలత పైవాళ్ళది. బయటెక్కడైనా అమ్ముకో."

"యాడమ్మేది? సంతలో పోస్తే ఇదేం కాయని నవ్వుతారు. నా ఆవు గూడా మూతి తిప్పుకుంటాంది. టమాటా పీకేసి ఇది పెట్టమని, మా ఇంట్లో కాఫీ తాగి చెప్పింది మీరు గాదా?"

మనోహరం "ఉండు, లోపలికెళ్ళి మాట్లాడతాను" అని గేటు వైపు నడిచాడు. పాపం, నిజంగానే మాట్లాడేవాడేమో. వాచ్‌మన్ దస్తగిరి అడ్డకమ్మీ ఎత్తలేదు.

"ఏమనుకోవద్దు సార్. మిమ్మల్ని గూడా పంపొద్దని ఇప్పుడే కాగితం వచ్చింది. కొనుగోలు ఆఫీసంతా ఎత్తేశారంట. ఈ కాయ ఇంకో దేశంలో ఇంతకన్నా చౌకగా దొరుకుతోందంట."

"నన్నా? పదకొండేళ్ళుగా ఉన్నవాణ్ణి! ఎవరు రాశారు?"

దస్తగిరి కాగితం తిప్పి చూశాడు. "పేరుంది సార్. నాకు పలకడం రాదు."

మనోహరం కమ్మీ పట్టుకుని అలాగే నిలబడ్డాడు. లోపల తన కళ్ళజోడు, టిఫిను డబ్బా ఉండిపోయాయని గొణిగాడు. దస్తగిరి తల వంచుకున్నాడు.

మునిలక్ష్మి నవ్వుతుందేమో అనుకున్నాను. నవ్వలేదు.

స్వామివారు ఆమె వైపు తిరిగి, "అమ్మా, ఆ బస్తాలు కాస్త జరుపు. ఇతనికీ చోటియ్యి" అన్నారు.