గ్లాసు కింద కుదురు

అనగనగా గోదారి రెండు పాయల నడుమ ఒక లంక ఉండేది బుజ్జమ్మా. దాని పేరు పొగడలంక. ఆ లంకలో పడవలు కట్టేవాళ్ళ ఇల్లు ఒకటి. ఆ ఇంట్లో పల్లాలమ్మ అని ఒక పెద్దావిడ ఉండేది. ఆవిడకి ఇద్దరు కొడుకులు, ఇద్దరు కోడళ్ళు. పెద్ద కోడలు భూలక్ష్మి. చిన్న కోడలు సత్యవేణి.

కాళ్ళు నా మీద వేసుకో. ఆఁ, అలాగ.

భూలక్ష్మి కాపురానికి వచ్చినప్పుడు పుట్టింటి నుంచి ఒక టేకు బల్ల తెచ్చుకుంది. వాళ్ళ నాన్న కూడా పడవలు కట్టేవాడే. మంచి చెక్క ఏరి, ఓపిగ్గా చిత్రిక పట్టి, నున్నగా వార్నీషు పూసి కూతురి కోసం చేశాడు. వంగి చూస్తే ముఖం కనపడేదట. ఆ బల్ల అయ్యాక ఆయనకి జబ్బు చేసింది. మళ్ళీ ఉలి పట్టలేదు. ఆ వానాకాలమే పోయాడు.

అంచేత భూలక్ష్మికి ఆ బల్లంటే ప్రాణం. పొద్దున్న లేవగానే మెత్తటి గుడ్డతో తుడిచేది. మధ్యాహ్నం అన్నాలయ్యాక తుడిచేది. దీపాలు పెట్టాక మళ్ళీ తుడిచేది. కానీ నాన్న సంగతి మాత్రం ఎవరితోనూ అనేది కాదు. అంటే ఏడుపొస్తుందని భయం.

ఆ తర్వాత సత్యవేణి వచ్చింది. ఆ పిల్లది అవతలి ఒడ్డు. ఇంటినిండా పిల్లలున్న ఇంట్లో పెరిగింది. వాళ్ళింట్లో గ్లాసు ఎక్కడ చోటుంటే అక్కడ పెట్టేవారు. అరుగు మీద, కుర్చీ చేతి మీద, పడుకున్న తమ్ముడి పొట్ట మీద కూడా పెట్టేవారు! నవ్వుతావేం? నిజమే చెబుతున్నాను.

అప్పుడు ఏం జరిగిందంటే, వచ్చిన కొత్తలోనే సత్యవేణి కాఫీ తాగుతూ పొగలు కక్కే గ్లాసుని ఆ బల్ల మీద పెట్టేసింది. తీసి చూస్తే తెల్లటి గుండ్రటి మచ్చ. పున్నమి చంద్రుడిలాగ.

భూలక్ష్మి గుడ్డ పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. కొత్త కోడల్ని కసురుకోలేక, కొబ్బరినూనె చుక్క వేసి, సాయంత్రం దాకా రుద్దుతూ కూర్చుంది. మచ్చ కాస్త వెలిసింది కానీ పోలేదు.

అప్పుడు భూలక్ష్మికి ఒక ఆలోచన వచ్చింది. కుండ దొర్లిపోకుండా కింద కుదురు పెడతాం కదా, గ్లాసుకి కూడా ఒక కుదురు చేస్తే పోలేదా అనుకుంది. కొబ్బరి పీచుతో తాడు పేని, గుండ్రంగా చుట్టి, అరచేతి అంతంత బిళ్ళలు కుట్టింది. మీ అమ్మ బల్ల మీద పెడుతుందే కోస్టర్లని, అలాంటివే. వాటిని బల్ల చివర దొంతరగా పెట్టింది.

మర్నాడు చూస్తే ఒక్కటీ లేదు.

"సత్యవేణీ, ఇక్కడ పెట్టిన బిళ్ళలు చూశావా?" అని అడిగింది.

"చూశానక్కా! ఎంత బాగున్నాయో. అంట్లన్నీ తోమేశాను, గిన్నెలు తళతళలాడిపోతున్నాయి," అంది సత్యవేణి నూతి దగ్గర నుంచి.

పాపం ఆ పిల్ల తప్పేముంది? వాళ్ళ ఊళ్ళో కొబ్బరి పీచు కనిపిస్తే అంట్లు తోముకోవడమే. పల్లాలమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. భూలక్ష్మికి మాత్రం నవ్వు రాలేదు. మళ్ళీ కూర్చుని, మళ్ళీ తాడు పేని, మళ్ళీ కుట్టింది. "ఇవి గ్లాసుల కింద పెట్టేందుకు," అని గట్టిగానే చెప్పింది. సత్యవేణి తలూపింది. ఒకరోజు పెట్టేది, ఒకరోజు మరిచిపోయేది. మరిచిపోయినప్పుడల్లా భూలక్ష్మి వెనకాలే వచ్చి చూసేది. అలా వెనకాల వచ్చి చూడటం ఎవరికి మాత్రం బాగుంటుంది?

ఆ తర్వాత ఒకనాడు సత్యవేణి వాళ్ళ నాన్న బుల్లెయ్య కూతుర్ని చూడటానికి రేవు దాటి వచ్చాడు. గెల అరటిపళ్ళు భుజాన మోసుకుని వచ్చాడు. సత్యవేణి సంతోషం పట్టలేక నాన్నకి గ్లాసు నిండా టీ పోసి ఇచ్చింది. ఆయన గుటక వేసి, కూతురి మంచీ చెడూ అడుగుతూ, గ్లాసు బల్ల మీద పెట్టబోయాడు.

ఎక్కడి నుంచి చూసిందో భూలక్ష్మి, "అయ్యో ఆగండి!" అంటూ పరిగెత్తుకొచ్చి గ్లాసు కిందకి కుదురు తోసింది. ఆ తోపుకి టీ సగం ఒలికి బుల్లెయ్య పంచె మీద పడింది. కాలింది కూడా.

ఆయన పంచె దులుపుకున్నాడు. లేచి, గ్లాసు పట్టుకుని, అరుగు మీదకి వెళ్ళి నిలబడి మిగిలిన టీ తాగాడు. "పడవ వెళ్ళిపోతుందమ్మా," అని అన్నం తినకుండానే వెళ్ళిపోయాడు.

సత్యవేణి రేవు దాకా వెళ్ళి నాన్నని సాగనంపింది. తిరిగి వచ్చి భూలక్ష్మి ముందు నిలబడింది. అంతవరకూ 'అక్కా, నువ్వు' అని పిలిచే పిల్ల ఆ రోజు 'మీరు' అంది.

"మీకు మనుషుల కంటే చెక్కే ఎక్కువండీ. మా నాన్నని ఇంట్లో కూర్చుని టీ కూడా తాగనివ్వలేదు. ఆ బల్లని మీరే ఉంచుకోండి."

నాన్న సంగతి చెప్పాలనుకుంది భూలక్ష్మి. ఏడుపొస్తుందని చెప్పలేక, గుడ్డ తీసుకుని మళ్ళీ బల్ల తుడుచుకుంది. అంతే.

ఆనాటి నుంచి ఒకరితో ఒకరికి మాటల్లేవు. ఒకరు వండితే ఇంకొకరు వడ్డించేవారు కాదు. ఒకరు వసారాలోకి వస్తే ఇంకొకరు పెరట్లోకి వెళ్ళేవారు. ఇంట్లో ఏదైనా చెప్పుకోవాలంటే మధ్యలో పల్లాలమ్మ చెప్పాలి. చివరికి సత్యవేణి మొగుడితో, "వానలు తగ్గాక వేరే వెళ్ళిపోదాం," అంది. ఆ మాట విన్న పల్లాలమ్మకి అన్నం సహించలేదు. నీరసపడింది. ఆ నీరసం మీద చలిజ్వరం పట్టుకుంది.

ఇంతలో గోదారి ఎర్రబడింది. ఎగువన వానలు పడితే గోదారమ్మకి ఆ రంగొస్తుంది బుజ్జమ్మా. అది చూస్తే లంకల్లో వాళ్ళకి తెలిసిపోతుంది, వరదొస్తోందని.

తెల్లారేసరికి నీళ్ళు కొబ్బరితోటల్లోకి వచ్చేశాయి. అన్నదమ్ములిద్దరూ పడవలు తీశారు. "పల్లంలో ఉన్నవాళ్ళని ముందు గట్టుకి చేర్చి, మీ కోసం వస్తాం. మనిల్లు మెరక మీద ఉంది, భయం లేదు," అన్నారు. వెళ్ళారు.

కానీ గోదారి వాళ్ళ మాట వినలేదు. నీళ్ళు గుమ్మం తొక్కాయి. ఆ తర్వాత వసారా నింపాయి. ఆ తర్వాత పల్లాలమ్మ పడుకున్న నులకమంచం అడుగు తడిపాయి. పెద్దావిడ ఒళ్ళు జ్వరంతో కాలిపోతోంది. లేచి నిలబడలేదు. కోడళ్ళిద్దరూ చెరో మూలా నిలబడి చూశారు.

అప్పుడు భూలక్ష్మి నోరు విప్పింది.

"సత్యవేణీ, కాళ్ళు పట్టుకో. అత్తయ్యని బల్ల మీదకి ఎక్కిద్దాం."

సత్యవేణి తెల్లబోయింది. బల్ల మీదకా అని అడగబోయి, గబగబా దగ్గరికి వచ్చింది. ఒకరు భుజాలు పట్టారు, ఒకరు కాళ్ళు పట్టారు. తడి చీరతో, బురద పాదాలతో పల్లాలమ్మని ఆ అద్దంలాంటి బల్ల మీద పడుకోబెట్టారు. పైన దుప్పటి కప్పారు.

"దాహంగా ఉందే. వెచ్చగా ఏదైనా ఇవ్వండే," అంది పెద్దావిడ వణుకుతూ.

పొయ్యి మునిగిపోయింది. కట్టెలు తడిసిపోయాయి. అటక మీద కిరోసిన్ స్టవ్వు ఒకటి మిగిలింది. దాన్ని ఎక్కడ పెట్టాలి? ఇల్లంతా నీళ్ళే. భూలక్ష్మి ఒక్క క్షణం ఆలోచించి, మసిపట్టిన ఆ స్టవ్వుని బల్ల మీదే, ముడుచుకుని పడుకున్న అత్తగారి పాదాల అవతల పెట్టింది. వెలిగించింది. గిన్నెలో గుప్పెడు నూకలు వేసి గంజి కాచింది. స్టవ్వు సెగకి కింద వార్నీషు చిటపటలాడింది. కమురు వాసన వచ్చింది. భూలక్ష్మి అటు చూడలేదు.

గంజి ఉడికింది. కొంగుతో గిన్నె పట్టుకుని దింపింది. సెగకి చేతులు తాళడం లేదు. గబుక్కున చెక్క మీదే పెట్టబోయింది.

"ఆగక్కా!" అంది సత్యవేణి.

దండెం మీద తువ్వాలు లాగి, గిర్రున చుట్టి, కుదురులా చేసి గిన్నె కిందకి తోసింది.

"పోనిద్దూ. మచ్చ పడితే పడనీ. అత్తయ్య తాగితే చాలు," అంది భూలక్ష్మి.

"నీకు ప్రాణం కదక్కా ఈ బల్ల."

అప్పుడు భూలక్ష్మి ఇంక ఆపుకోలేకపోయింది. మోకాలి లోతు నీళ్ళలో నిలబడి ఏడ్చేసింది. "మా నాన్న ఆఖరుసారి చిత్రిక పట్టింది దీన్నేనే. ఇది తుడుస్తుంటే ఆయన చెయ్యి పట్టుకున్నట్టు ఉంటుంది. అందుకని..."

సత్యవేణి అక్క చెయ్యి పట్టుకుంది. "ఒక్కసారి చెప్తే ఏం పోయేదక్కా?" అని తనూ ఏడ్చింది.

బల్ల మీద నుంచి పల్లాలమ్మ నీరసంగా అంది: "ఏడుపు తర్వాత చూసుకోవచ్చు. అసలే నీళ్ళు పెరుగుతున్నాయి. ముందు నాకు గంజి పొయ్యండే."

ఇద్దరికీ ఏడుపులోనే నవ్వొచ్చింది. ఒకరు తల ఎత్తి పట్టుకుంటే ఇంకొకరు గంజి పట్టారు. గిన్నె ఖాళీ అయ్యేసరికి పెద్దావిడకి ఆ బల్ల మీదే హాయిగా నిద్ర పట్టేసింది. ఆవిడ నిద్రలో ఉండగా బయట తెడ్ల చప్పుడు వినిపించింది. అన్నదమ్ములు పడవ తెచ్చి గుమ్మానికే ఆనించారు. ముగ్గురినీ ఎక్కించుకుని గట్టు మీద బడికి చేర్చారు.

నిద్రొస్తోందా? ఇంకొంచెమే.

వరద తీశాక ఇంటికి వచ్చి చూస్తే అంతా బురద. బల్ల కాళ్ళు ఉబ్బిపోయాయి. వార్నీషు పెచ్చులు లేచింది. ఒక చివర స్టవ్వు కాల్చిన నల్లటి మచ్చ. తోడికోడళ్ళిద్దరూ కలిసి నీళ్ళు పోసి కడిగారు. మరిది ఉలి, చిత్రిక పట్టుకొచ్చి, "పైపొర తీసేస్తే కొత్తదైపోతుంది వదినా," అన్నాడు. "పల్చగా తియ్యి బాబూ. నాన్న పని పోకుండా," అంది భూలక్ష్మి. అలాగే తీశాడు. నల్ల మచ్చ సగం పోయింది, సగం ఉండిపోయింది.

ఆ తర్వాత భూలక్ష్మి ఎవరూ చెప్పకుండానే పడవెక్కి బుల్లెయ్య ఇంటికి వెళ్ళింది. "బాబాయిగారూ, ఆ రోజు నా తొందరకి మీ పంచె పాడయింది, మనసు నొచ్చుకుంది. తప్పయిపోయింది," అంది.

ఆయన నవ్వి, "పంచె ఆ రోజే ఆరిపోయిందమ్మా. మిగిలింది ఇప్పుడు ఆరింది," అన్నాడు. కూర్చోబెట్టి అన్నం పెట్టించి పంపాడు.

వేరే వెళ్ళే మాట సత్యవేణి మళ్ళీ ఎత్తలేదు. పైగా కుదుళ్ళు కుట్టడం తనే నేర్చుకుంది. అక్కకి ఒక కిటుకు కూడా చెప్పింది.

"మనిషి వచ్చి కూర్చున్నాక కుదురు తోశామనుకో, 'నువ్వు మరక చేస్తావు' అన్నట్టు ఉంటుందక్కా. ముందే పెట్టి ఉంచామనుకో, 'నీ కోసం చోటు చూసి ఉంచాం' అన్నట్టు ఉంటుంది."

అది భూలక్ష్మికి నచ్చింది. ఆనాటి నుంచి ఆ ఇంట్లో ఎవరికీ "ఆగండి" అని చెప్పాల్సిన పని లేకపోయింది.

అంతా బాగానే ఉంది కానీ, పల్లాలమ్మకి కొత్త పేచీ ఒకటి మొదలైంది. జ్వరం తగ్గింది, తిండి సహించింది, నిద్ర మాత్రం పట్టడం లేదట. నులకమంచం వేస్తే గుచ్చుకుంటోందంది. చాప వేస్తే చల్లగా ఉందంది. చివరికి ఒక మధ్యాహ్నం చేతికర్ర పక్కన పెట్టి, పీట మీద కాలు వేసి, తనంతట తనే బల్ల ఎక్కి పడుకుంది. వరదలో పట్టిన నిద్ర లాంటి నిద్ర ఇంకెక్కడా పట్టదట. క్షణంలో గుర్రు పెట్టేసింది.

కోడళ్ళిద్దరూ కాఫీలు కలుపుకుని వచ్చారు. చూస్తే కాళ్ళూ చేతులూ బారజాపుకుని, బల్ల మీద చివరి నుంచి చివరి దాకా అత్తగారే. గ్లాసు కాదు కదా, చిటికెన వేలు పెట్టడానికి కూడా చోటు లేదు.

భూలక్ష్మి సత్యవేణి వైపు చూసింది. సత్యవేణి భూలక్ష్మి వైపు చూసింది. నవ్వు బయటికి వస్తే పెద్దావిడ లేస్తుందని నోళ్ళు మూసుకుని, బల్ల కాళ్ళకి వీపులు ఆనించి కింద చతికిలబడ్డారు. గ్లాసులు చేతుల్లోనే పట్టుకుని, భుజం భుజం రాసుకుంటూ, మెల్లగా ఊదుకుంటూ కాఫీ తాగారు.

కథమ్మ కంచికి చేరింది,
కునుకమ్మ కంటికి చేరింది,
దీపమ్మ సెలవే కోరింది,
బుజ్జమ్మ నా పక్క దూరింది.