ఎండబెట్టిన రొయ్యల చెరువు

కాలవ పక్కన దిబ్బ మీదుండే దిబ్బసాములోరిని ఏదడిగినా జవాబు చెప్పరు, పని చెబుతారు. మోక్షమంటే ఏంటని అడిగిన ఒకాయన చేత ఏడాదంతా కాలవలో గుర్రపుడెక్క లాగించారని, ఆ కుప్ప పక్క జిల్లాలోకి కొండలాగా కనబడేదని చెప్పుకుంటారు. ఈ సంగతి తెలిసి కూడా శిష్యుడు సూరపరాజు ఓ మబ్బు పట్టిన మధ్యాహ్నం దిబ్బెక్కి వచ్చాడు.

రొయ్యకి తెల్లమచ్చ తెగులొచ్చి, అతని కౌలు చెరువు మొత్తం చచ్చిపోయింది. మేత కొట్లో బాకీ, బ్యాంకులో బాకీ, గట్టవతల చెరువు బుల్లెమ్మకి బాకీ. ఆవిడైతే కాగితం ముక్క కూడా అడక్కుండా, తాకట్టు పెట్టుకోమని చేతి బంగారు గాజులు తీసిచ్చింది.

“ప్లీడరుగారు ఐపీ పెట్టెయ్యమంటున్నారు సాములోరూ. కోర్టోళ్ళు దివాలా అని రాసేస్తే, ఉన్నదేదో అందరికీ పంచి మిగతా అప్పు కొట్టేస్తారంట. ఇంక నా గుమ్మంలోకి ఎవడూ రాడు.”

“రమ్మని పిల్చినా రాడా?” అన్నారు సాములోరు.

“అది కాదండీ. ఐపీ పెట్టిన మర్నాటికి నేను కొత్తమనిషిని అయిపోతానా?”

“ముందెళ్ళి నీ చెరువులో కొత్త రొయ్యపిల్ల వదిలిరా.”

“తెగులు నీళ్ళలోనా? అవి తీసేసి, సున్నం జల్లి, అడుగు నెర్రెలిచ్చేదాకా ఎండబెట్టాలి కదండీ. లేకపోతే కొత్త పిల్ల కూడా చచ్చిపోద్ది.”

“అయితే తీసెయ్.”

సూరపరాజు చెరువుకెళ్ళి, నీళ్ళు కాలవలోకి వదిలే తూము పలక ఎత్తాడో లేదో, గట్టు మీద బుల్లెమ్మ నిలబడి ఉంది.

“బ్లీచింగు కొట్టకుండానే కాలవలోకి వదిలేస్తున్నారేంటి రాజుగారూ? నేను తోడుకునేది ఆ నీళ్ళే. మీ చెరువు శుభ్రమైపోద్ది, బానే ఉంది. మరి నాదో?”

కోపంగా కూడా అనలేదు. ఆవిడ బోసి చేతులు చూసి సూరపరాజు పలక దించేశాడు. బ్లీచింగు కొట్టి, నీళ్ళలో తెగులు చచ్చేదాకా ఆగి, అప్పుడు వదిలాడు.

చెరువు ఎండింది. నెర్రెలు ఎంత వెడల్పంటే, ఓ సైకిలు అందులో పడిపోయి, దాని బెల్లు అడుగున ఎక్కడో మర్నాటిదాకా మోగుతూనే ఉంది. కొంగలొచ్చి, నీళ్ళనుకుని తమ నీడల్నే పొడుచుకుని ఎగిరిపోయేవి. సూరపరాజు ఆ అడుగున వెల్లకిలా పడుకునేవాడు. మబ్బులు పైనుంచి మెల్లగా పారుతుంటే, తనే అడుగున మిగిలిపోయిన రొయ్యలాగా అనిపించేది. కళ్ళు మూస్తే గాజుల చప్పుడు. తెరిస్తే గట్టు మీద బుల్లెమ్మ, ఊరికే చూస్తూ.

ఓ రోజు లేచి కూర్చున్నాడు. “బుల్లెమ్మా, నేను ఐపీ పెడుతున్నాను. అందులో నీ గాజులు కూడా పోతాయి.”

“అడుగున ఇంకా తడి ఉందేమో చూసుకోండి,” అని ఆవిడ వెళ్ళిపోయింది.

సూరపరాజు మళ్ళీ దిబ్బెక్కాడు. “ఎండినట్టే ఉంది సాములోరూ. కొత్త నీళ్ళు ఎప్పుడు పెట్టమంటారు?”

సాములోరు కాలవ వైపు తిరిగి కూర్చున్నారు.

“ఎండిందో లేదో చెరువుకేం తెలుసు రాజా? గట్టవతల ఆవిణ్ణడుగు.”