తాపలమిట్ట నలభై ఒకటో ప్రార్థన

తాపలమిట్ట పీర్ల చావిడికి వచ్చే భక్తులను గుమ్మం దగ్గరే ఒక మాట అడుగుతారు: "మొదటిసారి వస్తున్నారా?" అవునంటే చెయ్యి పట్టుకుని తీసుకుపోయి ముందు వరుసలో కూర్చోబెడతారు. ఊరి పెద్దలకు కూడా దక్కని చోటది. ఎందుకో తెలియక కొందరు బెదిరిపోతారు. బెదరకండి, చెబుతాను.

పూర్వం ఇక్కడ సకీనాబీ అనే తల్లి ఉండేది. ప్రవక్త వంశంలోని తొలితరం ఇమాము ఒకరు, కర్బలా దుఃఖాన్ని కళ్లారా చూసినవారు, కత్తి పట్టక ప్రార్థనలు చెప్పి లోకానికి వదిలివెళ్లారు. తల్లిదండ్రుల కోసం ఒకటి, ఇరుగుపొరుగు కోసం ఒకటి, వాన కోసం ఒకటి. సకీనాబీ తండ్రి వాటిలో నలభై ఒకటి ఎంచి, ఆకుకు ఒకటి చొప్పున, కింద తెలుగులో అర్థంతో ముప్పై ఏళ్లపాటు రాశాడు. ఉన్నది ఆ ఒక్క ప్రతే.

అందులో పాలకుల మీద శాపాలున్నాయని కోటను ఏలే ఖిల్లాదారుకు ఎవరో నూరిపోశారు. శుక్రవారం మధ్యాహ్నానికి పుస్తకం అప్పగించాలి, ఒక్క ఆకు తగ్గినా ఊరు తగలబెడతామని కబురొచ్చింది. చేతిలో ఉన్నవి మూడు రోజులు. నకలు రాసి దాచుకుందామన్నారు మగవాళ్లు.

"ఇల్లు సోదా చేస్తారు. నోరు సోదా చెయ్యలేరుగా!" అంది సకీనాబీ.

ఇంటికి ఒక ప్రార్థన కంఠతా పట్టాలన్నది ఆమె ఆలోచన. తురకల ఇళ్లు పదహారే. తక్కిన ప్రార్థనలు కుమ్మర్లూ, గొల్లలూ, సాలెవాళ్లూ తీసుకున్నారు. పొయ్యి దగ్గర, మగ్గం దగ్గర, కుమ్మరి సారె దగ్గర అవే మాటలు. ఒక మాట తప్పితే అది ఇక లోకంలో ఉండదన్న భయంతో ఎవరికీ ముద్ద దిగలేదు. నలభై గడపలకు నలభై ప్రార్థనలు చేరాయి. మిగిలింది ఒకటి, తనకు కీడు చేసినవాణ్ణి క్షమించమని దేవుణ్ణి అడిగే ప్రార్థన.

"ఓబులక్కా, ఇది కూడా నువ్వే పట్టుకో," అని కుమ్మరి ఓబులమ్మను బతిమాలింది సకీనాబీ.

"నాకొద్దు తల్లీ! కొంప కాల్చేదానికి వచ్చేవాణ్ణి క్షమించమని నేనెందుకు అడగాల?" అందామె. ఊరంతా అదే మాట. సకీనాబీకి ఏడుపొచ్చింది. తన నోటికి అది వచ్చు, కానీ తనకు పిల్లల్లేరు. తనతోపాటే పోతుంది.

శుక్రవారం ఖిల్లాదారు పంపిన జమేదారు దిలావరు సిపాయిలతో, కాగడాతో వచ్చాడు. ఆకులు లెక్కపెట్టాడు. నలభై. ఆమె గుప్పిట్లో నలభై ఒకటోది. సిపాయిలు కత్తులు దూశారు.

"ఇస్తాను నాయనా. దీన్ని ఎవరూ తీసుకోలేదు. నువ్వు తీసుకో. నేను చెబుతాను, నువ్వు అను."

ఆకు చేతికొస్తే చాలని అతడు చిరాకుగానే పలికాడు. తడబడ్డ చోటల్లా ఆమె మళ్లీ అనిపించింది, మూడుసార్లు. తరువాత ఆమె ఇచ్చిన ఆకుతో సహా పుస్తకాన్ని నడివాకిట్లో కాల్చి వెళ్లిపోయాడు.

పన్నెండేళ్లు ఏటా మొహర్రం పదోనాడు నలభై ఇళ్లూ వరుసగా తమ ప్రార్థనలు చెప్పేవి. చివర సకీనాబీ తనది చెప్పేది. పదమూడో ఏట ఆమె గొంతు పడిపోయింది. నలభై అయ్యాక చివరిది చెప్పేవారు లేకపోయారు. అప్పుడు వెనక నుంచి ఒక ముసలి గొంతు ఆ ప్రార్థన అందుకుంది. దిలావరు! ఒక్క మాట తప్పలేదు.

"మరిచిపోదామనే చూసినానమ్మా. పోలేదు," అని ఆమె కాళ్ల దగ్గర కూలబడ్డాడు. వద్దన్న ఓబులమ్మే లేచి అతడికి పానకం పోసింది.

నాటినుంచి నలభై ఒకటోది బయటినుంచి తొలిసారి వచ్చినవారి వంతు. పక్కన ఒకరు చెబుతారు, మీరు అంటే చాలు. మొదటి పానకం ఓబులమ్మ ఇంటివారే పోస్తారు. పలికినవారికి మనసులోని బరువు దిగుతుందనీ, తెగిన చుట్టరికాలు కలుస్తాయనీ నమ్మకం.

ఈ కథ రాసిన నేను ఓబులమ్మ ఇంటివాణ్ణి. ఊరివాణ్ణి గనుక ఆ వంతు నాకు రాదు. తమ్ముడితో తొమ్మిదేళ్లుగా మాటల్లేక, ఏటా చెంబు పట్టుకుని కొత్తవాళ్ల నోట ఆ మాటలు వింటూ నిలబడేవాణ్ణి. పోయిన పీర్ల పండుగకు మాత్రం పానకం పోయడం కాగానే, చెంబులో మిగిలిన పానకంతో తమ్ముడి ఇంటికి నడిచాను.